పక్క మంచంలో ఢిల్లేశు

కరోనా వెనక్కి తగ్గి, పలాస స్టేషన్లో రైళ్ళు మళ్ళీ మామూలుగా ఆగడం మొదలైన ఏడాది. అప్పటికే నేను పలాస దగ్గర ఒక డయాలిసిస్ కేంద్రంలో చాలాకాలంగా స్టాఫ్ నర్సుని. మాది టెక్కలి. తెల్లారకముందే బస్సెక్కి, మొదటి షిఫ్టు పేషెంట్లు వచ్చేసరికి యంత్రాలు సిద్ధం చేయాలి. ఉద్దానం పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళలో కొబ్బరి రైతులు, జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు ఎక్కువ. నాలుగు గంటలు మంచం మీద ఉంటారు, వెళ్తారు, ఒకరోజు ఆగి మళ్ళీ వస్తారు. ఎవరైనా రావడం మానేస్తే ఎందుకని అడగడం మేం ఏనాడో మానేశాం.

దమయంతి, ఢిల్లేశు భార్యాభర్తలు. కంచిలి వైపు పల్లె. ముందు ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి, తర్వాత ఆమెకు. పక్కపక్క మంచాలే ఇచ్చాం. కానీ సూది గుచ్చింది మొదలు ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. ఆయన చేతి నుంచి యంత్రానికి వెళ్ళే రక్తం గొట్టాలను చూడలేకపోయేది. తన గొట్టాలంటే భయం లేదు.

ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి మృదుల అనే అమ్మాయి వచ్చింది. వీడియోలతో కళాఖండాలు చేస్తుందట. డాక్టరు అనుమతి, దమయంతి ఒప్పుకోలు తీసుకుని, మంచాల కాళ్ళవైపు కెమెరా నిలబెట్టి ఒక డయాలిసిస్ మొత్తం ఆపకుండా తీసింది. అందులో ఏం కళ ఉందో నాకు అర్థం కాలేదు. కెమెరా స్టాండు కాలికి తగలకుండా తిరగడమే ఆ రోజు నాకు అదనపు పని.

కొన్ని నెలలకు ఢిల్లేశు ఇంటి దగ్గరే గుండె ఆగి పోయాడు. దినకార్యాలు అయ్యేదాకా కూడా ఆగకుండా దమయంతి డయాలిసిస్‌కు రావాల్సి వచ్చింది. పక్క మంచంలో అప్పటికే ఇంకో పేషెంటు ఉన్నాడు.

ఆ తర్వాత మృదుల ఫోన్ చేసింది. కేరళలో సముద్రం ఒడ్డు ఊరిలో పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శన జరుగుతోందట, ఎన్నో దేశాల వాళ్ళు వస్తారట, ఆ వీడియోను అక్కడ గోడంత బొమ్మగా వేస్తారట. దమయంతి రాగలిగితే ఏర్పాట్లన్నీ తనే చూసుకుంటానంది. మర్యాదకే పిలిచిందనుకుని, దమయంతితో కూడా అలాగే చెప్పాను.

"వత్తాను," అంది ఆమె.

"ఎక్కడికప్పా? అది పలాస బజారా? ఒక పగలూ రాత్రీ రైలు."

"ఆ బొమ్మలో మా ఆయనున్నాడు గదా సిస్టరమ్మా. సూత్తాను."

"ఫోన్లో పంపమంటాను. ఇక్కడే చూడొచ్చు."

"ఫోన్లో ఏటి కనబడతాది? గోడంత ఉంటాదన్నావు గదా. మనిషి మనిషిలాగ కనబడతాడు."

డాక్టరు వద్దన్నారు. నేనూ అదే అన్నాను. ఇలాంటి ప్రయాణానికి హాలిడే డయాలిసిస్ కావాలి. అంటే వెళ్ళిన ఊళ్ళో ఇంకో ఆసుపత్రి ఒక పూట యంత్రం ఇవ్వాలి. వాళ్ళు వైరల్ మార్కర్స్ అడుగుతారు, రక్తం ద్వారా అంటుకునే జబ్బులేవీ లేవని చూపే పరీక్షలవి. డ్రై వెయిట్ అని ఒకటుంటుంది, ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. దారిలో దాహానికి ఓర్చుకోలేక నీళ్ళు తాగితే ఆ బరువు పెరిగి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇవన్నీ చెప్పాను. ఆమె విని, "మరయితే నువ్వు రా," అంది.

ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆమెను ఒప్పించే ఓపిక లేకపోయింది. సెలవు పెట్టాను. తోడుగా పని తెలిసిన మనిషి ఉంటే సరేనన్నారు డాక్టరు.

రైల్లో కిటికీ దగ్గర కూర్చుని, టీ అమ్మేవాడు వచ్చినప్పుడల్లా తల తిప్పుకునేది. నోరు తడుపుకోవడానికి గుక్కెడు ఇస్తే చాలాసేపు బుగ్గన పెట్టుకునేది. దిగేసరికి కాళ్ళు వాచాయి. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళి యంత్రం పెట్టించాను. అక్కడి సిస్టర్ల భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. బీపీ మిషను వైపు చూసి ఒకరికొకరం తలాడించుకున్నాం.

మరునాడు ప్రదర్శనకు వెళ్ళాం. పాత గిడ్డంగులన్నీ గదులుగా మార్చారు. ఒక గదిలో ఎండిన చేపల వలలు వేలాడదీశారు, ఇంకో దాంట్లో విరిగిన ఇటుకలు పోశారు. "మన జీడి బట్టీ కాడ ఇన్నుంటాయి," అంది దమయంతి. ఆఖరున, తలుపు పక్కన దమయంతి పేరు రాసిన చీకటి గదిలో గోడ నిండా ఆమె మొహం. గోడవైపు తిరిగిన చెంప, మూసీ మూయని కన్ను. జనం వచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారు. పక్కనున్న మనిషే ఆ మనిషని ఎవరూ పోల్చుకోలేదు.

ఆమె తెర ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికింది.

"ఈయన ఏడీ?"

మృదుల మొహం పాలిపోయింది. "మీ మొహం పెద్దగా రావాలని పక్కదంతా తీసేశానమ్మా. ఆయన మీ..." మాట పూర్తి చేయలేకపోయింది. పక్క మంచంలో ఉన్నది ఆమె భర్త అని ఆ అమ్మాయికి మేమెవరమూ చెప్పలేదు.

దమయంతి ఏడవలేదు, కోప్పడలేదు. నేల మీద కూలబడింది. "ఇంత దూరం ఒచ్చీసాను గదమ్మా," అని మాత్రం అంది.

అసలు వీడియో తన దగ్గరే ఉందని, పొద్దున జనం రాకముందు మొత్తం వేస్తానని మృదుల మాటిచ్చింది.

మర్నాడు పొద్దున గదిలో మేం ముగ్గురమే. గోడ మీద రెండు మంచాలూ కనిపించాయి. ఇటు దమయంతి గోడవైపు తిరిగి ఉంది. అటు ఢిల్లేశు. గళ్ళ లుంగీ, పైకి మడిచిన చొక్కా చెయ్యి. తల ఆమె వైపు తిప్పి ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. మధ్యలో ఆ బొమ్మలోకి నేను వచ్చి బీపీ చూశాను, వెళ్ళాను. ఆయన తల మళ్ళీ అటే తిరిగింది. ఆమె కొంచెం కదిలితే తల ఎత్తి చూశాడు. ఆమె సర్దుకున్నాక పడుకున్నాడు.

"నిద్దరోతాడనుకున్నానే," అంది దమయంతి. "రోజూ నిద్దరోతాడనే అనుకున్నాను సిస్టరమ్మా."

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, గోడకు దగ్గరగా కూర్చుంది. ఈసారి తల తిప్పలేదు.

తలుపులు తీసే వేళకు మృదుల మెల్లగా అడిగింది. "ఇకనుంచి ఇదే వెయ్యనా అమ్మా? వద్దంటే తీసేస్తాను."

"ఎయ్యి. ఆ బయట నా పేరు రాసినావు గదా, పక్కన ఆయన పేరూ రాయి. ఢిల్లేశు."

మేం బయల్దేరేలోపే రాసింది.

తిరిగొచ్చాక, సూది గుచ్చినా ఆమె గోడవైపు తిరగడం మానేసింది. పక్క మంచంలో కొత్తగా చేరిన కొబ్బరి దింపే మనిషికి సూదంటే వణుకు. "నన్ను సూడు బావా, సేతికేసి సూడకు," అని కబుర్లు చెప్పేది. ఇంకో ఏడాది పైన వచ్చింది. తర్వాత ఆమె కూడా రాలేదు.

నేను ఇంకా అక్కడే పని చేస్తున్నాను. మోకాళ్ళ నొప్పులు, బదిలీ అడగాలనిపిస్తుంది, అడగను. పేషెంట్లు వచ్చి సిస్టర్, పెళ్ళికెళ్ళాలి, తిరుపతి వెళ్ళాలి, కూతుర్ని చూసి రావాలి అంటారు. ఇదివరకు ముందు వద్దనేదాన్ని, తర్వాత కారణాలు చెప్పేదాన్ని. ఇప్పుడు యంత్రం అలారం ఆపి, పక్కన స్టూలు వేసుకుని, అక్కడ ఎవర్ని చూడాలని ఉందో అడుగుతాను. విన్నాక కూడా చాలాసార్లు వద్దనే చెప్పాల్సి వస్తుంది. కాకపోతే దేన్ని వద్దంటున్నానో తెలిసి చెబుతున్నాను.