నలభై రెండంగుళాల డెక్కు

ఆ రోజుల్లో మనిషికి రెండు జన్మలుండేవి. ఒకటి తల్లి కడుపులోంచి రావడం, రెండోది ఉద్యోగం పర్మనెంటు కావడం. మొదటిది అందరికీ జరిగేదే గనక వ్యాగన్లు బాగుచేసేవాళ్ళుండే మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో దాన్నెవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. రెండోది కాని కుర్రాణ్ణి చుట్టాలకు పరిచయం చేసేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గించి, "మావోడే. ఇంకా అవ్వలేదు" అనేవారు. ఏది అవ్వలేదో చెప్పే పనిలేదు, విన్నవాళ్ళు సానుభూతిగా తలూపేవారు. మా ఊరు రాయపూర్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి, వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా జీవితమంతా గడిపి రిటైరయ్యాడు. నేను ఊరి చివర టాటీబంధ్ దాటాక ఉన్న ఒక ఇనుము ఫ్యాక్టరీలో, ఎస్టేట్ సెక్షన్‌లో ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరాను. ఎస్టేట్ అంటే జమీందారీ అనుకునేరు. కారే కొళాయిలు, ఊడే తలుపులు, గెస్ట్‌హౌస్ గడ్డి, ఇదే మా ఎస్టేట్.

ఆ గడ్డి దగ్గరే నా కథ మొదలైంది. గెస్ట్‌హౌస్‌కి ముందొక మైదానం, వెనకొక మైదానం. రెంటికీ కలిపి ఒకే మాలీ. ఛత్తీస్‌గఢీ ముసలాయన, అందరికీ కాకా. చేత్తో తోసే మిషనుతో ఆయన ఈ చివర కోసుకుంటూ ఆ చివరకు చేరేసరికి ఈ చివర గడ్డి మళ్ళీ మోకాళ్ళ దాకా వచ్చేది. (కాకాకి ఇందులో ఏ ఇబ్బందీ కనపడలేదు. పని అయిపోతే ఉద్యోగం ఎందుకు ఉంటుందనేది ఆయన వాదన.) కానీ డైరెక్టరుగారు ఎక్కడో గడ్డి కోసే ట్రాక్టరును చూసొచ్చారు. మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే అదే కోసుకుంటూ పోతుందట. మనకూ ఒకటి కావాలన్నారు. కంపెనీవాళ్ళు పంపిన రంగుల కాగితంలో ట్రాక్టరు ఒక్కటే గానీ దాని పొట్ట కింద బోర్లించిన మూకుడులా ఉండే ఇనప పెట్టె, డెక్కు అనేది, నాలుగు సైజుల్లో ఉంది. ముప్ఫై ఎనిమిది, నలభై రెండు, నలభై ఎనిమిది, యాభై నాలుగు అంగుళాలు. కత్తులు తిరిగేది ఆ పెట్టెలోనే. అది ఎంత వెడల్పుంటే ఒక్క విడతలో అంత గడ్డి తెగుతుంది.

మా మేనేజరుగారిది రాజమండ్రి వైపు. ప్రతి మాటకీ చివర "అదే" అనేవారు, అందుకని అదేసారు అని పేరు పడింది. ఆయన నన్ను పిలిచి కాగితం చేతిలో పెట్టారు.

"ఏ సైజు కావాలో చూసి నోట్ పెట్టవయ్యా. నన్నడిగితే యాభై నాలుగు. పెద్ద ఫ్యాక్టరీ, పెద్ద డెక్కు. అదే."

"చిత్తం సార్."

"నీ కన్ఫర్మేషన్ కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. రెండూ కలిపి పైకి పంపుతాను. అదే."

నా రెండో జన్మకీ గడ్డి కోసే మిషనుకీ ముడి పడింది. జాతకాల్లో ఇలాంటివి రాస్తారో లేదో నాకు తెలియదు.

నేను శాస్త్రీయంగా ముందుకెళ్ళాను. అంటే, కాకాని అడిగాను. ఆయన పొడుగాటి వెదురు కర్ర తెచ్చి గడ్డి మీద అడ్డంగా పడుకోబెట్టాడు. కర్ర కింద కొన్నిచోట్ల నాలుగు వేళ్ళు దూరే సందుంది, కొన్నిచోట్ల కర్ర నేలకి ఆనింది. "భుయ్యాఁ ఊంచ్-నీచ్ హే బాబూ" అన్నాడు. నేల ఎత్తుపల్లాలుగా ఉంది, పెట్టె మరీ వెడల్పుగా ఉంటే గుట్టల నెత్తి గొరిగేస్తుంది, గుంటల్లో గడ్డి అలాగే మిగులుతుందని అర్థం. కొత్తగా మంగలిపని నేర్చుకునేవాడి చేతిలో తలలాగన్నమాట. యాభై నాలుగు అక్కడే చచ్చిపోయింది. ఇక రెండో సంగతి. ముందు మైదానం నుంచి వెనక్కి వెళ్ళడానికి ఒకటే దారి, రెండు అశోక చెట్ల మధ్య సందు. అటువైపు జనరేటరు గది, ఇటువైపు నీళ్ళ ట్యాంకు. టేపు పట్టి కొలిచాను. సరిగ్గా నాలుగడుగులు, నలభై ఎనిమిది అంగుళాలు. నలభై రెండు పెడితే ఇంకా ఆరంగుళాల వెసులుబాటు. ముప్ఫై ఎనిమిది అంటే పిరికితనం.

మూడు పేజీల నోట్ రాశాను. ఎర్రసిరాతో గీతలు గీశాను. గెస్ట్‌హౌస్ పటం గీసి చెట్లకి ఆకులు కూడా వేశాను (పటానికి ఆకుల అవసరం లేదని ఇప్పుడు తెలుసు). అదేసారు దాన్ని రెండుసార్లు చదివి, యాభై నాలుగుని తలుచుకుని నిట్టూర్చి, "నీ మాట మీదే పంపుతున్నాను సుమా. అదే" అని సంతకం చేశారు. నా కన్ఫర్మేషన్ మాత్రం మిషను వచ్చి నడిచాకే కదుల్తుందన్నారు.

మిషను వచ్చిన సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ నా ఘనకార్యం వర్ణించాను. అమ్మ మర్నాటి ట్రయల్ కోసం, పండరీ బజార్లో కొన్న గుడ్డతో కుట్టించిన నా ప్యాంటు ఇస్త్రీ చేస్తోంది. నాన్న అంతా విని అడిగాడు.

"ఆ నలభై రెండూ ఏటిది? కత్తి కోసే ఎడల్పా, పెట్టె ఎడల్పా?"

"రెండూ ఒకటే నాన్నా. కంపెనీవాళ్ళే రాశారు."

"సూసేవా?"

"పక్కా నాన్నా."

"అయితే సరే" అని టీ తాగేశాడు. మా నాన్న అయితే సరే అన్నాడంటే ఏదో సరిగా లేదని అర్థం. ఇరవై రెండేళ్ళుగా వింటున్నా ఆ సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు డైరెక్టరుగారు స్వయంగా ట్రాక్టరెక్కారు. ముందు మైదానంలో రెండు చుట్లు తిరిగారు. గడ్డి చాపలా పడుకుంది. అదేసారు నావైపు చూసి తలూపారు. ఆ తలూపులో నాకు కన్ఫర్మేషన్ కాగితం, దాని మీద ముద్ర కూడా కనపడ్డాయి. తర్వాత డైరెక్టరుగారు కత్తులు ఆపి అశోక చెట్ల సందులోకి పోనిచ్చారు. ట్రాక్టరు సగం వెళ్ళింది. ఆగింది. వెనక్కి లాగి మళ్ళీ పోనిచ్చారు. మళ్ళీ ఆగింది.

"యే క్యా హై భాయ్?" అన్నారు, కోపంగా కాదు, తెలుసుకుందామని.

ఏమిటంటే, డెక్కుకి కుడిపక్క తెగిన గడ్డిని బయటికి చిమ్మే మూతి ఒకటుంటుంది. దాని మీద, గడ్డి పైకి ఎగరకుండా కిందికి అణిచే నల్లటి రెక్కొకటి జానెడు పైనే పక్కకి పొడుచుకుని ఉంది. నలభై రెండనేది కత్తులు కోసే వెడల్పు. ఆ రెక్కని ఎవరూ నాకు విడిగా లెక్కపెట్టి చూపించలేదు. నేనూ అడగలేదు. నేను చెట్లని కొలిచాను, కాగితం మీద అంకెని చదివాను, మిషనుని మాత్రం చూడలేదు.

అందరూ నావైపు చూశారు. నేను చెట్టువైపు చూశాను. చెట్టు తప్పేమీ లేదు. అప్పుడు కాకా తీరిగ్గా వచ్చి, ఆ రెక్కని చేత్తో పైకి మడిచి, తన భుజం మీది గంఛా తువ్వాలుతో కట్టేశాడు. ట్రాక్టరు చెట్లని రాసుకుంటూ, రెండువైపులా బెరడు కొద్దిగా తీసుకుని, వెనక మైదానంలోకి వెళ్ళింది. డైరెక్టరుగారు ఉత్సాహంగా కత్తులు మళ్ళీ తిప్పారు. రెక్క విప్పాలని ఎవరికీ తోచలేదు. అదేసారు కుడిపక్కన, కాస్త దూరంలో, నిలబడి ఉన్నారు. రాత్రి వానకి తడిసిన గడ్డి. ఆయన చొక్కా సగం ఆకుపచ్చగా మారింది, రెండో సగం యథాతథంగా ఉంది. ఆయన చొక్కాని ఒకసారి, నన్నొకసారి చూశారు. చివరికి "అదే" అన్నారు. దానికి ముందు వాక్యం లేకపోవడం అదే మొదటిసారి.

"కాకా, రెక్క సంగతి ముందే చెప్పొచ్చుగా" అని అడిగాను తర్వాత.

"నువ్వు నేల గురించి అడిగావు బాబూ. చెప్పాను. మిషను గురించి నన్నెవరడిగారు?"

ఇంటికెళ్ళి జరిగింది చెప్తే అమ్మ ముందు కంగారుపడింది. "ఏట్రా, ఉద్యోగం ఉందా పోయిందా?"

"తెలీదమ్మా."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "రెండు పట్టాల మద్దెన ఎంతరా?"

"అయిదున్నర అడుగులు."

"పైన వ్యాగనెంత ఎడల్పుంటాది?"

నేను వ్యాగన్ల మధ్య పెరిగినవాణ్ణి. ధమ్‌తరీ వెళ్ళే చిన్న బండి ఇరుకు పట్టాల మీద, రెండుపక్కలా పొట్ట వేలాడేసుకుని ఊగుతూ పోతుంటే కిటికీలోంచి వెయ్యిసార్లు చూసినవాణ్ణి.

"పట్టాలు కొల్సి బండెళ్ళిపోద్దనుకున్నావు. పోన్లే. వర్క్‌షాప్‌లో నాకూ ఒకసారి అయ్యింది." ఏమయ్యిందో ఎంత అడిగినా చెప్పలేదు.

వారం తర్వాత కాగితం వచ్చింది. ఉద్యోగం పోలేదు, పర్మనెంటూ కాలేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. కారణం రాసే చోట అదేసారు చక్కటి అక్షరాల్లో, "అభ్యర్థి కొలత సరిగానే ఉంది. అవగాహన పరిశీలనలో ఉంది" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాశారు. నాకు కోపం రావాల్సింది. కానీ అంత న్యాయమైన వాక్యాన్ని ఆఫీసు కాగితాల్లో అంతకుముందు చదవలేదు, తర్వాతా చదవలేదు.

మూడు నెలలయ్యాక పర్మనెంటు చేశారు. ఒక మామూలు మంగళవారం, ఎవరూ పెద్దగా గమనించలేదు, నేనూ మధ్యాహ్నం దాకా కాగితం విప్పి చూడలేదు. ఆ తర్వాత జీవితంలో చాలావాటిని కొలిచాను, చాలావాటిలో ఏదో ఒక రెక్క పక్కకి పొడుచుకునే ఉంది. అవగాహన ఇప్పటికీ పరిశీలనలోనే ఉందని మా ఆవిడ అంటుంది. నేను కాదనను. కొత్త ప్యాంటు వేసుకుని, తడిగడ్డిలో నిలబడి, చెట్టువైపు చూస్తున్న ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం వాడి భుజం మీద చెయ్యి వేసి, మూడు నెలలే కదురా, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడనుకోండి. వాడి దగ్గర మూడు పేజీల నోట్ ఉంది.