రెండిళ్ల బిడ్డలు, ఒక్క జీతం

కరోనా తగ్గి బ్యాంకులూ కాలేజీలూ మామూలుగా తెరిచిన ఏడాది జూన్‌లో, హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కనున్న ఒక మేడ ఇంట్లో నేను ఆయాగా కుదిరాను. ఆ పని సంగతి నాకు మొదట చెప్పింది మేరమ్మ. ఆమె పక్క వీధిలో ఒక బ్యాంకు మేనేజరు బిడ్డను చూసుకునేది.

"కింద మా సారు బ్యాంకులో పనిచేసే మేడం, పైన కాలేజీ సారు వాళ్లు. చెరొక బిడ్డ ఉండాది. ఇద్దరికీ కలిపి ఒక మనిషి కావాలంట. పో అక్కా" అంది.

ధర్మవరంలో మగ్గం నేసే మా ఆయనకు చూపు మందగించి, మగ్గం దిగి, మేము హిందూపురం వచ్చేసిన రోజులవి. ఇల్లు నా జీతం మీదే నడవాలి. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే నేర్పిన చదువుతో మందు సీసా మీది అక్షరాలు చదవగలను. ఈ వృత్తిలో అది చిన్న అర్హత కాదు.

రెండిళ్ల పనికి మా ఆయాల్లో ఒక పద్ధతి ఉంది. బిడ్డలిద్దరినీ ఒక వారం కింద, ఒక వారం పైన చూసుకుంటాము. ఒక్కో ఇల్లు పూర్తి జీతంలో ముప్పావు ఇవ్వాలి. వాళ్లకు పావు మిగులుతుంది, మాకు రెండో బిడ్డ చాకిరీకి విలువ దక్కుతుంది.

నేను చేసిన తప్పు మొదటి రోజే జరిగింది. కిందింటి మేడం ఒక పళ్లెంలో ఆకూవక్కా, రవికగుడ్డ పెట్టి ఇచ్చింది. దేవుడు దారి చూపాడనుకుని, జీతం మాట రాకముందే రెండు చేతులతో అందుకున్నాను. మా వైపు ఆకూవక్కా పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత చెప్పారు, ఒక్క జీతాన్నే చెరిసగం ఇస్తామని. నేను నసిగితే, "తాంబూలం తీసుకున్నాక బేరమేంటి లక్ష్మమ్మా?" అంది మేడం.

రెండు నెలలు అలాగే చేశాను. ఒకడిని చంకనెత్తుకుని ఇంకొకడికి అన్నం పెట్టేదాన్ని. చివరికి మేరమ్మను బతిమాలాను, నా తరఫున ఒక మాట అడగమని.

"దేవునికి దండం పెట్టేకి నోరొస్తాది, జీతం అడిగేకి రాదా నీకు?" అని ఎగతాళి చేసింది. అయినా ఆ ఆదివారం రెండిళ్లవాళ్లూ ఇంట్లో ఉన్నప్పుడు వచ్చింది.

"ఒక మనిషి రెండు చేన్లు దున్నితే ఒక చేనుకే కూలిస్తారా మేడం?" అని అడిగింది.

"పిల్లలు చేన్లు కాదమ్మా" అన్నాడు పైనింటి సారు.

"అవును సార్. చేను ఏడ్సదు, ఒంటికి పోదు."

సారుకు నవ్వొచ్చింది. మేడం ముఖం మాత్రం మాడింది. మేరమ్మ వెళ్లాక నా వైపు తిరిగి, "ఆమెను నువ్వే పిలిపించావా?" అంది.

"లేదు మేడం. తనంతట తానే వచ్చింది" అన్నాను.

మేడం మేనేజరు ఇంటికి ఫోన్ చేసింది. ఊళ్లో ఆయాలను రెచ్చగొడుతోందని మేరమ్మను ఆ వారమే మాన్పించారు. ఆ వీధుల్లో ఇంకెవరూ ఆమెను పనికి పిలవలేదు. నాకు మాత్రం మరుసటి నెల నుంచి రెండిళ్లవాళ్లూ ముప్పావు చొప్పున ఇచ్చారు. ఎదురు మాట్లాడని మనిషినని మెచ్చుకుని ఇచ్చారు. ఆ డబ్బును దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాను కూడా.

తర్వాత ఒకసారి బస్టాండులో మేరమ్మ సంచితో కనబడింది. "బెంగళూరికి పోతాండా అక్కా, వాళ్లింట్లోనే ఉండి చేసే పని. బిడ్డలు బాగుండారా?" అంది. బాగున్నారన్నాను. నేను చెప్పిన అబద్ధం ఆమెకు తెలుసో లేదో అడగలేదు.

ఇప్పుడు పని మానుకున్నాను. ఆ ఇళ్లవాళ్లు పెట్టిన అన్నానికి కృతజ్ఞత ఉంది. అయితే నేను నేర్చుకున్నది ఇది: జీతం ఎవరిదో వాళ్లే అడగాలి. ఇంకొకరి నోటితో అడిగిస్తే దెబ్బ ఆ నోటికే తగులుతుంది. మీ ఇంట్లో బిడ్డను చూసుకునే మనిషి తన జీతం గురించి నోరు తెరిచిన రోజున, మేరమ్మను ఒకసారి తలచుకోండి.