మా మేనత్త చూసిన గుర్రాల సినిమా

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను బళ్ళో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మా తమ్ముడు మాచవరం నుంచి మొదటి బస్సుకు నరసరావుపేట వచ్చి, తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, అత్త పోయింది. నిన్న పొద్దుగూకే ముందర కల్లంలో కూలబడిందంట. డాక్టరొచ్చేసరికే లేదు" అన్నాడు.

సరే అన్నాను. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి, పిల్లలు రాసుకునేదాకా ఆగి, అప్పుడు బయటికి వచ్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. ఆమె గురించి రాస్తే ఏమైనా కదులుతుందేమోనని కూర్చున్నాను.

చదివేవాళ్ళకు ఆమె తెలియదు. మా ఊరు దాటితే ఎవరికీ తెలియదు. మా నాన్నకు చెల్లెలు, మెట్టచేను సొంతంగా చేసుకున్న మనిషి. బైబిలు కూడబలుక్కుని చదివేది. ఇంటికి ఎవరు వచ్చినా ముందు చెంబుతో నీళ్ళిచ్చి, తాగిన తరువాతే ఎవరని అడిగేది. మా పల్నాటి వేసవిలో మేం ఉసూరుమంటుంటే, "ఎండని తిట్టబాకండే, అది మనింట్లో మనిషి" అనేది.

పెళ్ళయిన కొత్తలో ఆమె, మామయ్య కృష్ణ మీద కడుతున్న డ్యామ్ దగ్గర కూలీల పాకల్లో ఉన్నారు. మామయ్య రాళ్ళపని చేసేవాడు. ఒక ఆదివారం సాయంత్రం ఆఫీసర్ల కోసం మైదానంలో తెర కట్టి ఇంగ్లీషు సినిమా వేశారు. ముందువైపు కుర్చీలు ఆఫీసర్లవి. పనివాళ్ళ కుటుంబాలు తెర వెనకాల నేల మీద కూర్చున్నాయి. అత్త జీవితంలో చూసిన మొదటి సినిమా అది. గుర్రాలు, తుపాకులు, దుమ్ము. మొగుడు పోయిన ఒక ఆడమనిషి పొలాన్ని లాక్కోవాలని మోతుబరులు చూస్తుంటారు. ఎవరో పరాయివాడు గుర్రమెక్కి వచ్చి ఆమె తరఫున నిలబడతాడు. మామయ్యకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. అయినా పక్కన కూర్చుని అంతా తెలిసినట్టే అత్తకు కథ చెప్పాడట. చివర్లో ఆ ఆడమనిషి ఇంటికి తాళం వేసి గుర్రబ్బండి ఎక్కుతుంది. యాడికి పోతందని అత్త అడిగితే, "అంగడికి. ఉప్పూ పప్పూ తెచ్చుకోవద్దా? మళ్ళా వచ్చిద్దిలే" అన్నాడట.

ఆ తరువాత కొంతకాలానికి మామయ్య పచ్చకామెర్లతో పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మామయ్య వాటా కింద వచ్చిన చేను అత్తకు మిగిలింది. దినాలు కాగానే ఆమె బావగారు, మామయ్యకు అన్న, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా నాన్నా ఉన్నాడు, నేనూ ఉన్నాను.

"ఒంటి ఆడదానివి, యవసాయం యాడ చేస్తావమ్మా? చేను మాకు ఒదిలేసి మీ అన్నతో పో. మర్యాదగా ఉంటది" అన్నాడు ఆయన.

మా నాన్న తలూపాడు. చెల్లెల్ని తీసుకుపోవడానికి బండి కూడా కట్టించి ఉంచాడు.

అత్త గుమ్మానికి ఆనుకుని అంది: "మేము చూసిన సినిమాలో ఆమె పోయిందా? పోలా. అంగడికి పోయి వచ్చింది, అంతే. నేనూ పోను."

"సినిమా ఏందమ్మా!" అని బావగారు నవ్వాడు. మా నాన్న సిగ్గుతో తల దించుకున్నాడు. అత్త మాత్రం లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. అంతే, ఆ చేను ఒదల్లేదు. మొదటి రెండేళ్ళు ఎవరూ అరక తోలడానికి రాకపోతే పారతో తవ్వుకుంది.

నేను చదువు ముగించి నరసరావుపేటలో పనిలో చేరాక, అదే సినిమాను మళ్ళీ రంగుల్లో తీశారనీ, ఆదివారం పొద్దున ఆట వేస్తున్నారనీ, అత్త కథ నా నోట విన్న మా బడి ఇంగ్లీషు మాస్టారు చెప్పాడు. కబురు పెట్టగానే అత్త ఉతికిన చీర కట్టుకుని దిగింది. హాల్లో ఆమె నోరు ఆగలేదు.

"రంగులు బానే ఉండయ్. గుర్రాలు పాతయ్యే నయం, ఇయ్యి మరీ నున్నగా ఉండయ్. ఏమే, ఈడికి చొక్కా మాయదేంది? అంత దుమ్ములో తిరిగితే మన కారంపూడి రోడ్డులో మాదిరి కనుబొమ్మలు గూడా ఎర్రబడాల గదా."

కాసేపయ్యాక, "అప్పటోడు ఎడం చేత్తో కాల్చాడు. ఈడు కుడిచేత్తో కాలుస్తన్నాడు. మార్చారు చూడు" అంది. తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమ అవుతుందని చెప్పాను. ఆమె పడీపడీ నవ్వింది.

చివరికి ఆ ఆడమనిషి తాళం వేసి బండెక్కింది. అత్త నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమంటందే?"

"వాళ్ళ అన్న ఊరికి పోతున్నానంటోంది అత్తా."

"మళ్ళా వచ్చిద్దా?"

"రాదు."

హాల్లో దీపాలు వెలిగాయి. బయట సోడాకొట్టు దగ్గర ఆమె సోడా చేత్తో పట్టుకుని తాగకుండా నిలబడింది.

"పాతదాంట్లో గూడా ఇంతేనా?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆమెతో అబద్ధమాడడం నాకు చేతకాలేదు. "కథ అదేనంట. రంగులే మార్చారంట" అన్నాను.

"బండిలో పెట్టె గూడా ఉండె. ఉప్పుకి పోయేదానికి పెట్టెందుకయ్యా అని అప్పుడే అడిగా మీ మామని. నీకెందుకు, వచ్చిద్ది అన్నాడు." సోడా గుక్కెడు తాగింది. "పోయిందని ఆరోజు తెలిసుంటే నేనూ మీ నాయన బండెక్కేదాన్నేమోనే."

నేను కొట్టువాడికి డబ్బులిచ్చాను.

"ఆమె పోతే పోయింది. నేనుండా గదా" అని మూతి తుడుచుకుని, బస్సుకు టైమవుతోందని గబగబా నడిచింది.

తమ్ముడు వచ్చి పిలిచిన రోజే, మధ్యాహ్నానికి అత్త సమాధి కార్యక్రమం అయిపోయింది. పాస్టరుగారి ప్రార్థనలో ఒక్క ముక్క నాకు గుర్తులేదు. అందరూ వెళ్ళాక చేనికి వెళ్ళాను. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక సగం నిన్న ఆమె తిరగేసింది, ముదురెరుపుగా ఉంది. మిగతా సగం ఎండకు వెలిసి ఉంది. రెండింటి మధ్య గీత గీసినట్టుంది. పక్కచేలోంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, ముక్కులకు కొంగులు కట్టుకుని, ఆ గీత దగ్గర వంగి కాయలు తిరగేయసాగారు.