రేడియేటర్‌కి పళని విభూతి

ఈ సాయంత్రం నా కొత్త కంప్యూటర్‌కి ప్రాణం పోయబోయి, ప్రాణం తీసేదాన్నే.

కంప్యూటర్ పెట్టె చాలా చిన్నది. దాంట్లో నీళ్లతో చల్లబరిచే రేడియేటర్లు రెండు పట్టాలి. అడుగుది తేలిగ్గానే కూర్చుంది. పైదాన్ని ఇరికించడానికి గొట్టం మెలితిప్పి స్క్రూలు బిగించేసరికి మూడు గంటలు పట్టింది. నీళ్లు నింపి స్విచ్ మీద వేలు పెట్టాను.

"కొంజం ఇరు కణ్ణూ!" అని అరవంలో కాస్త ఆగమంటూ మా మామగారు వచ్చారు. కోయంబత్తూరు చుట్టుపక్కల బావి మోటార్లు బాగుచేస్తూ నలభై ఏళ్లు గడిపిన మనిషి. చేతిలో పళని విభూతి పొట్లం. గొట్టాల అతుకులన్నిటికీ విభూతి పూయడం మొదలెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"మామా, పూజ తర్వాత చేద్దాం. పొద్దున్నే ఆఫీసుకి డ్రాయింగులు పంపాల."

"పూజ ఎవురు చేసేది? తడి తగిల్తే విబూది నల్లబడుద్ది. బోర్డుకు కరెంటు ఇయ్యొద్దు, పంపు ఒకటే తిప్పు."

మదర్‌బోర్డు మీద గుడ్డ కప్పి, గొట్టాల్లో నీళ్లు తిప్పే పంపు ఒక్కటే నడిపాను. ఇద్దరం ఒక్కో అతుకునీ చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలకి, నేను మెలితిప్పిన గొట్టం అతుకు దగ్గరే, తెల్లటి పూత మీద మిరియపు గింజంత నల్లమచ్చ తేలింది. సరిగ్గా దాని కిందే బోర్డు.

ఆ అతుకు విప్పి మళ్లీ బిగించాను. ఇది ఆ కంప్యూటర్‌లోంచే రాస్తున్నాను. మీ ఇంట్లో ఇలా ఒళ్లు మండించి మరీ కాపాడేది ఎవరో చెప్పండి.

మామగారు మిగిలిన విభూతి నా నుదుటన పెట్టి వెళ్లారు. అద్దంలో చూసుకుంటే, అదీ చెమటకి తడిసి నల్లబడే ఉంది.