పచ్చకొమ్మ కోసిన కత్తెర

మా ఇంటి తెల్లమచ్చల మందారం కొమ్మలు నారాయణపేటలో చాలా ఇళ్లకు వెళ్లాయి. కొన్నాళ్లకు వాళ్లే తిరిగొచ్చి, ఆకులన్నీ పచ్చబడ్డాయి, ఎందుకని అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకసారి రాసిపెట్టడం మేలనిపించింది.

అది అమ్మ నాటిన చెట్టు. ఆకు మీద తెలుపు, పచ్చ, కొసల్లో లేత గులాబీ. అమ్మ చీరలు నేసేది. అంచుకు దారాలు ఎంచేటప్పుడు ఆ ఆకొకటి తెంపి, దారాల పక్కన పెట్టి చూసుకునేది. మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక కొద్ది రోజులకే అమ్మ పోయింది. ఆ వానాకాలం చెట్టు మొదట్లోంచి ఒక్క మచ్చ కూడా లేని పచ్చటి కొమ్మ లేచింది. ఏపుగా పెరిగి, రంగు కొమ్మలను కమ్మేయసాగింది.

నేను పదో తరగతితో బడి మానేసినా గ్రంథాలయం మానలేదు. తోటపని పుస్తకాలన్నీ తిరగేశాను. ఆకులో తెల్లటి భాగం ఆహారం తయారుచేయలేదట. అందుకే పూర్తి పచ్చకొమ్మకు బలమెక్కువ. దాన్ని మొదలుకంటా తీసేయకపోతే చెట్టంతా పచ్చబడుతుంది. ఆ ముక్క చదివి పరుగున ఇంటికొచ్చాను.

నా చేతిలో కత్తెర చూసి అవ్వ, అంటే మా నాయిన తల్లి, అడ్డుపడింది.

“ఏడాది ఎల్లకముందే పూలచెట్టుకు ఇనుము తాకిస్తవా? పోయినామె చెట్టాయె!”

“కొయ్యకుంటే రంగు పోతది అవ్వా. పుస్తకంల ఉన్నది.”

“గా పుస్తకం రాసినోని ఇంట్ల ఎవరన్న సచ్చిండ్రా?”

మా ఇంట్లో ఆ పట్టింపు గట్టిది. చూస్తుండగానే రంగు కొమ్మలు రెండే మిగిలాయి. ఏడాది నిండేదాకా అవి ఆగవని తెలుస్తూనే ఉంది.

పక్కింటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, బట్టలు కుట్టేది, అమ్మకు దోస్తు. ఒకరోజు గోడ అవతల మా గొడవంతా విని, తన కత్తెరతో వచ్చింది.

“అత్తమ్మా, పట్టింపు మీ ఇంటికి. నా కత్తెరకేం పట్టింపు? నేను కోస్త.”

“నేనేం చెప్పలే, నేనేం చూస్తలే” అంటూ అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి అటు తిరిగే, “మొదలుకంట కొయ్యి. మా పిల్ల పుస్తకంల గట్లనే ఉన్నదట” అంది.

కొత్త చిగుళ్లు మచ్చలతోనే వచ్చాయి. ఇప్పటికీ వానలు పడగానే మొదట్లో వెతుకుతాను. పచ్చచిగురు చిన్నగా ఉన్నప్పుడే గోటితో గిల్లేస్తే చాలు. మొక్కకు పొద్దటి ఎండ తగలాలి.

“నా పేరు రాయకు, ఊరంతా కత్తెర పట్టుకొని రమ్మంటరు” అంది ఖాలా. అందుకే వరసలతోనే చెబుతున్నాను. అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం సారుకు, ఖాలాకు, ఆ పూట గోడవైపు తిరిగి కూర్చున్న మా అవ్వకు నా దండాలు.