పడవలో పాలు పొంగించిన వైనం

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేదాన్ని, ముఖ్యంగా పొయ్యిల విషయంలో. కరోనా సద్దుమణిగిన కొత్తలో దుబాయ్‌లో ఒక అరబ్బీ పెద్దాయన విల్లాలో బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. ఆయన్ని అందరం 'బాబా' అనేవాళ్ళం (విభూతి ఇచ్చే బాబా కాదు, అక్కడి ఇళ్లలో యజమానిని అలాగే పిలుస్తారు). ఆయన ఒక పాత తెరచాప పడవ కొన్నారు. ఒమన్ దాకా, వీలైతే బొంబాయి దాకా వెళ్ళాలని కోరిక. వంటకు మనిషి కావాలనగానే "నేనొస్తా బాబా" అనేశాను. ఇస్త్రీ గదిలోంచి బయటపడటానికి నాకు వేరే దారి లేదు మరి. అయితే పడవలో ఉన్న గ్యాస్ పొయ్యి ఉంచాలా, కరెంటు పొయ్యి పెట్టాలా అన్నది ఆయనకింకా తేలలేదు. "ఒకరోజు రెండింటి మీదా వండి చూపించు. కుదిరితే పడవలోకి, లేకపోతే మళ్ళీ ఇస్త్రీకి," అన్నారు హిందీలో.

ఆ రోజు రేవుకి దుబాయ్‌లోనే అల్ కుసైస్ పేట నుంచి కరెంటు పనిచేసే అన్న వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి. నేను కోనసీమ దాన్ని. పడవ ఊగినా గిన్నె ఒలకకుండా గ్యాస్ పొయ్యి ఉయ్యాలలా వేలాడుతోంది. వేలితో పదిసార్లు ఊపి చూశాను. పక్కనే బల్ల మీద ఇండక్షన్ పొయ్యి.

"దీనికి మంటేదన్నా?"

"మంటుండదు చెల్లె. గిన్నెనే గరమైతది. మీద సోలార్ పలకలున్నయ్ గదా, బ్యాటరీలకు కరెంటు ఆడికెల్లే వస్తది."

"మబ్బడితే పస్తేనా?"

"దుబాయ్ల మబ్బెక్కడిది! గ్యాస్‌తోనే పరేషాన్. గాలికన్న బరువుంటది. లీకైతే పడవ కడుపులకు దిగి కూసుంటది. ఒక్క నిప్పురవ్వ సాలు, ఖలాస్."

"ఎందుకు దిగుద్దీ? కిటికీలోంచి పోవచ్చుగా?" అన్నాను. అన్న తల పట్టుకున్నాడు. ఊరి నుంచి బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్న మట్టిచట్టిని, చేపల పులుసు కోసం ఇండక్షన్ మీద పెట్టాను. అది కూయ్ కూయ్‌మంది గానీ వేడెక్కలేదు. ఇనుప గిన్నె పెట్టమన్నాడు అన్న. "చట్టిని గుర్తుపట్టని పొయ్యి కూడా ఒక పొయ్యేనా?" అని నా ఓటు గ్యాస్‌కి వేసేశాను.

కానీ కొత్త పొయ్యి మీద ముందు పాలు పొంగాలి. (అది పాతదే, నాకు కొత్త.) పొయ్యికి పసుపు, బొట్టు పెట్టి, గిన్నెలో పాలు పోసి, వెలిగించి, ఈ పని నాకే రావాలని కళ్ళు మూసుకుని మొక్కుకున్నాను. పాలు పొంగాయి. పొంగి మంటను ఆర్పేశాయి. మొక్కు కాస్త పొడుగు కావడంతో నేను చూసుకోలేదు. ఇంతలో పడవ అడుగున ఉన్న గ్యాస్ అలారం కీచుమంది. అన్న ఒక్క గెంతున సిలిండర్ కట్టేసి, "యల్లా, బయటికి!" అంటూ పడవ పైన కూర్చున్న బాబానీ నన్నూ రేవు మీదికి తరిమాడు. తలుపులన్నీ తెరిచి, చేతిపంపుతో నీళ్ళు తోడినట్టు పడవ అడుగున చేరిన గ్యాస్ తోడాడు.

"ఏమైంది?" అన్నారు బాబా, అంతా అయ్యాక.

"పాత పొయ్యి సార్," అని అన్న నన్ను కాపాడబోయాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"పొయ్యి మంచిదే బాబా. పాలు నేనే పొంగించా."

"ఎందుకు?"

"మంచి జరగాలని."

"చూసుకోలేదా?"

"కళ్ళు మూసుకున్నా బాబా."

"గ్యాస్ ఖలాస్," అన్నారు బాబా. నా పనీ అయిపోయిందనుకున్నాను. "సముద్రం మీద తప్పు దాచేవాళ్ళతోనే భయం. నువ్వు రా. కరెంటు పొయ్యి మీద ఎన్ని పాలైనా పొంగించుకో." అప్పుడే పొంగించాను. పాలు పైనున్న అద్దప్పలక మీద పడగానే ఆ పొయ్యి దానంతటదే ఆగిపోయింది. "దీనికి నీకన్న తెలివుంది చెల్లె," అన్నాడు అన్న.

ఇంతా చేసి బయలుదేరితే, తీరం కనుమరుగు కాకముందే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. రెండు రోజులు బకెట్ కౌగిలించుకుని పడుకున్నాను. వంటమనిషికి బాబానే అన్నం వండి, పెరుగు కలిపి పెట్టారు. గ్యాస్ ఎందుకు కిందికి దిగుతుందో, మబ్బు పడితే ఏం గతో, అన్నీ అడిగిన పిల్ల, సముద్రం తనకు పడుతుందా అని మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది.