‘లేచి చూపియ్’ అన్న కోచ్ సార్

మణుగూరు బాక్సింగ్ కోచ్ సార్ పోయారని మంగళవారం పొద్దున ఐలయ్య ఫోన్ చేశాడు. "సార్ పోయిండన్నా," అన్నాడు. తర్వాత, "యాకూబ్‌కు నువ్వు చెప్తవా, నన్నే చెప్పమంటవా?" అని అడిగాడు. ఐలయ్య నోట యాకూబ్ పేరు అంత మామూలుగా రావడం నేను అంతకు ముందు వినలేదు. అది ఎందుకో చెప్పాలంటే సార్ గురించే చెప్పాలి.

ఆయన బొగ్గు గనుల్లో ఫిట్టర్. డ్యూటీ దిగి స్నానం చేసి కాలనీ గ్రౌండుకు వచ్చేవారు. అక్కడ సిమెంటు అరుగు మీద తాళ్లు కట్టి బాక్సింగ్ నేర్పేవారు. రిటైరయ్యాక కూడా మానలేదు. ఆదివారం మాత్రం చర్చి నుంచి నేరుగా గ్రౌండు ఎదుటి టీ కొట్టుకు వచ్చేవారు. ఆ కొట్టు దగ్గర మా వాదన ఎప్పుడూ ఒకటే. మా రోజుల్లో గనుల ప్రాంతం మొత్తంలో గొప్ప బాక్సర్ ఎవరు, ఏ ఫైటు చూడదగ్గది, ఏ తీర్పు అన్యాయం.

ఆ వాదనకు ఆయన పెట్టిన నియమం ఒకటుంది. తీర్పు తప్పని కూర్చుని అనకూడదు. లేచి, ఆ బాక్సర్ నిలబడినట్టు నిలబడి, ఆ రౌండు చేసి చూపాలి. ఎదుటివాడిగా ఇంకొకరు లేవాలి. సార్ "బాక్స్" అంటే మొదలు, "స్టాప్" అంటే ఆగాలి. పొట్టలు వచ్చిన డంపర్ లారీల ఆపరేటర్లు టీ గ్లాసులు పక్కన పెట్టి గాలిలోకి పిడికిళ్లు విసిరేవాళ్లు.

"ఎల్లందు ఎడమచేతోని దెబ్బకు మించింది లేదు సార్," అన్నాడు ఒకాయన ఓసారి.

"లేచి చూపియ్."

"మోకాలు నొప్పి సార్."

"అయితే నీ మోకాలు బాగయ్యేదాక ఆయన గొప్పోడు కాదు. టీ తాగు."

"నోరు ఎట్లయినా తిరుగుతది, కాలు అబద్ధమాడదు," అనేవారు సార్. విలేకరిగా ఒక ప్రమాదం గురించి రాసే ముందు ఆ చోటికి వెళ్లి నిలబడి చూసే అలవాటు నాకు ఆ కొట్టు దగ్గరే వచ్చింది.

ఒక్క ఫైటును మాత్రం అక్కడ ఎవరూ ఎత్తేవారు కాదు. అది గనుల మధ్య పోటీల ఫైనల్. మణుగూరు నుంచి ఐలయ్య, కొత్తగూడెం నుంచి యాకూబ్. గెలిచినవాడికి రాష్ట్ర జట్టులో చోటు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు రాలేదు. పోటీ ఆగిపోతుందని అందరూ బతిమాలి సార్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. రింగు మూలన సొంత శిష్యుడి వెనక నిలబడాల్సిన కోచే ఆ ఫైటుకు జడ్జి. యాకూబ్ కూడా "సార్ కూచుంటే నాకేం లేదు" అన్నాడు. చివరికి ఇద్దరు జడ్జీలు యాకూబ్‌కు, ఒకరు ఐలయ్యకు ఇచ్చారు. ఎవరు ఎటు ఇచ్చారో ప్రకటించలేదు. ఆ వార్త రాసింది నేనే. అందులో ఉన్నదీ ఇంతే.

సార్ నన్ను ఓడగొట్టిండా? ఓటమి కన్నా ఈ ప్రశ్నే ఐలయ్యను తినేసింది. అడగలేదు. గ్రౌండుకు రావడం మానేశాడు. గనిలో డంపర్ ఆపరేటరయ్యాడు. రోజూ ఆ కొట్టు ముందు నుంచే తల తిప్పకుండా డ్యూటీకి పోయేవాడు. అతని బండి చప్పుడు వినబడగానే సార్ మాట ఆపేసేవారు. అది దూరమయ్యాకే మళ్లీ అందుకునేవారు.

ఈ ఎండాకాలం సార్ మంచాన పడ్డారు. దవాఖానా వాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. నేను చూడడానికి వెళ్లిన సాయంత్రం ఐలయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సార్ భార్య నా వైపు చూసింది. ఎవరూ అతన్ని కూర్చోమనలేదు.

"ఒక్కటడుగుత సార్. నిజం చెప్పాలె."

"అడుగు."

"ఆ రోజు మీరు ఎవరికిచ్చిన్రు?"

సార్ కళ్లు మూసుకున్నారు. గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దం గలగలమంది.

"చూపియ్," అన్నారు సార్. "మూడో రౌండు. ఆఖర్న."

మంచానికీ బీరువాకూ మధ్యనున్న కాస్త జాగాలో ఐలయ్య చేతులెత్తాడు. యాకూబ్‌గా నేను నిలబడ్డాను. ఎడమ, ఎడమ, కుడి. ఇన్నేళ్లయినా ఆ చేతులు ఏదీ మరవలేదు. నేను వెనక్కి జరిగాను. అతను ముందుకొచ్చి, ఒక్క క్షణం తల తిప్పి మంచం వైపు చూశాడు.

"స్టాప్."

ఐలయ్య ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు.

"గప్పుడు గూడ గిట్లనే తిరిగినవ్," అన్నారు సార్. "నీ మూలకు చూసినవ్, నేను లేను. జడ్జీల దిక్కు చూసినవ్. నీ చూపు నా మీదున్నప్పుడే యాకూబ్ రెండు కొట్టిండు. రెండూ తగిలినయ్. వానికే ఇచ్చిన."

ఐలయ్య చేతులు దించలేదు.

"తీర్పు సరిగనే ఉన్నది బిడ్డా. నేను ఆ కుర్చీల కూచునుడే తప్పు. మూలకుంటే 'ముంగట చూడు' అనెటోన్ని. నిన్ను ఒక్కన్ని ఇడిసిపెట్టి పోయి కూచున్న."

"ఈ మాట పిలిచి చెప్పొచ్చు గద సార్."

"చెప్పొచ్చు. భయమైంది."

ఆయన నోట ఆ మాట నేను ముందెప్పుడూ వినలేదు. ఐలయ్య మంచం అంచున కూలబడ్డాడు. చాలాసేపటి తర్వాత సార్ అతని భుజం తట్టి, "నీ కుడిచెయ్యి ఇంకా కిందికే ఉంటున్నది," అన్నారు. ఐలయ్య ఏడుస్తూనే నవ్వాడు.

బుధవారం సమాధుల తోట నుంచి అందరం టీ కొట్టుకు వచ్చాం. అక్కడ సార్ ఎప్పుడూ కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు. యాకూబ్ కొత్తగూడెం నుంచి వచ్చాడు. అతనూ ఐలయ్యా ఎదురెదురు పడ్డారు.

"గా ఫైటు సంగతి..." అన్నాడు యాకూబ్.

"సార్ కూచుని మాట్లాడొద్దన్నడు గద," అన్నాడు ఐలయ్య.

ఇద్దరూ చెప్పులు విడిచి ఎదురుబొదురు నిలబడ్డారు. "బాక్స్" అని యాకూబే అన్నాడు. ఎడమ, ఎడమ, కుడి. యాకూబ్ వెనక్కి జరిగాడు. ఐలయ్య ముందుకొచ్చాడు. అతని పక్కనే ఆ ఖాళీ కుర్చీ. ఈసారి తల తిప్పలేదు. యాకూబ్ విసిరిన రెండు దెబ్బలూ అతని మోచేతుల మీద ఆగాయి.

అక్కడితో రౌండు అయిపోయింది. కానీ ఎవరూ చేతులు దించలేదు. చెమటలు కారుతూ, ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ, "స్టాప్" అన్న మాట కోసం ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు.